భుజం దాటని చెయ్యి

"కుడిచేత్తో ఆ చెంబు ఎత్తి నీళ్లు తాగప్పా" అన్నాడు ముత్యాలప్ప.

పోలీసు స్టేషను వెనక వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్న ఏళుమలై చెంబును చూశాడు, ముత్యాలప్పను చూశాడు, దాహం లేదన్నాడు. పెదాలు ఎండి పొట్టు లేచి ఉన్నాయి.

"లేకున్నా తాగు."

ఆ పక్క పల్లెల్లో ఎవరూ చెంబుకు మూతి ఆనించి తాగరు. తల వెనక్కి వాల్చి, చెంబును ముఖానికి జానెడు పైన పట్టుకుని, ధార నేరుగా గొంతులో పడేలా పోసుకుంటారు. ఎంగిలి చేస్తే చిన్నపిల్లలకైనా చీవాట్లు తప్పవు. ఏళుమలై చెంబు పట్టుకున్నాడు. చెయ్యి రొమ్ము దాకా వచ్చి ఆగింది. అక్కణ్ణించి భుజమంతా చెవివైపు లేచిందే గాని చెయ్యి మాత్రం పైకి పోలేదు. ఆఖరికి మోచేయి మడిచి, మెడ వంచి, చెంబు అంచుకే మూతి ఆనించి తాగాడు. తాగి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు.

"ఎన్నాళ్లుగా ఉండాది ఇది?"

"ఏది సామీ?"

"ఆ చెయ్యి."

"చెయ్యికేమి, బాగానే ఉండాది."

మనిషిని చంపానని నిన్ననే ఒప్పుకుని వేలిముద్ర వేసినవాడు, చెయ్యి నొప్పిని మాత్రం ఒప్పుకోనంటున్నాడు. ఇలాంటి ముడి దొరికితే ఒకప్పుడు ముత్యాలప్పకు ఒంట్లో ఉషారు పుట్టేది. ఇప్పుడు ఏమీ పుట్టలేదు. మాఘమాసంలో భార్య వరమ్మ పోయింది. ఏడుపు వస్తుందని ఎదురు చూశాడు, రాలేదు. దానితో పాటు మిగతావన్నీ రావడం మానేశాయి. ఆకలి లేదు, కోపం లేదు, హోసూరులో తన డిటెక్టివ్ ఏజెన్సీ తలుపు పొద్దున్నే ఎందుకు తెరుస్తున్నాడో కూడా తెలియదు. తెరిచే అలవాటు ఉంది కాబట్టి తెరుస్తున్నాడు.

ఆ తలుపు దగ్గరికే నిన్న ఏళుమలై భార్య కదిరమ్మ వచ్చి నిలబడింది. మొన్న తెల్లవారుతుండగా గురుబరపల్లి దాపున మామిడి తోపులో, మోటారు కొట్టంలో, తోపు యజమాని శ్రీరామప్ప నడినెత్తిన గడ్డపార దెబ్బ పడి చచ్చిపోయాడు. కాయలు కోసే ఏళుమలైని పోలీసులు పట్టుకుపోయారు. "నా మొగుడు కొట్టలేదప్పా, ఆయప్పను ఇంటికి తెచ్చీండి" అంది. ఎట్లా తెలుసమ్మా అంటే, "కొట్టలేదప్పా" అనే మళ్లీ అంది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఆయప్ప చెయ్యి సంగతి మాత్రం యాడా ఎత్తొద్దండి" అని రెండుసార్లు చెప్పింది. అదుగో, ఎత్తొద్దన్నది కాబట్టే చెయ్యి సంగతి ఒకటి ఉందని తెలిసింది. కాయ కోయలేనివాడికి తోపులో గుడిసె ఉండనివ్వరు, అందుకే దాస్తోందని ముత్యాలప్ప లెక్కగట్టుకున్నాడు. ఆ లెక్క సగమే నిజం. మిగతా సగం కోసం ఆవిడ ముఖం చూసి ఉండాల్సింది, కానీ ఈ మధ్య ఆయన ముఖాలు చూడటం లేదు.

"సరే, ఎట్ల కొట్టినావో చెప్పు" అన్నాడు.

"మాను మీద కాయ కోస్తాంటి. దొర వచ్చి తిట్టినాడు. దిగొచ్చి గడ్డపారతో కొట్టినా."

"ఏమని తిట్టినాడు?"

"తిట్టినాడు సామీ."

"అదే, ఏమని?"

ఏళుమలై మొదటి నుంచి మళ్లీ అందుకున్నాడు. "మాను మీద కాయ కోస్తాంటి. దొర వచ్చి..."

"బట్టీ పట్టింది చాలుగాని, ఎవురు నేర్పించినారు?"

"నేను నేర్పించినానని రాసుకో, పోనీ" అన్నాడు వెనక నుంచి ఇన్‌స్పెక్టర్ గోవిందరాజు.

ఇద్దరూ ఒకే సంవత్సరం పోలీసుల్లో చేరినవాళ్లు. ముత్యాలప్ప ఉద్యోగం వదిలేసి సొంతంగా బోర్డు పెట్టుకున్నాడు, గోవిందరాజు మీసం పెంచుకుంటూ ఇక్కడిదాకా వచ్చాడు. మామిడి తోపుల ఇంటివాడు, లెక్క ప్రకారం పోయే మనిషి, ఆ లెక్క సాయంత్రానికల్లా ముగిసిపోవాలనుకునే మనిషి.

"వానికి భుజం పైకి లేచేది లేదు గోవిందరాజూ."

"లేస్తాది. తోపులో బుట్టలు మోసే ఆడోళ్లు ఇద్దరు, ఆ పొద్దు వీడు మాను మీద దోటి పెట్టి కాయ తెంపేది చూసినారు. అదే నీలం చొక్కా, అదే ఎర్ర తువాలు. చచ్చినాయన మేనల్లుడు పునీత్ వచ్చేసరికి కొట్టం కాడ నుంచి పరుగెత్తినాడు. దొంగనొప్పులు నాకు కొత్తా?"

"మధ్యాన్నం ఆస్పత్రికి తీసకపోతావు కదా, రిమాండుకు ముందు. డాక్టరమ్మను ఆ భుజం కూడా చూడమను."

"చూడమంటాలే. నీ తృప్తి కోసం" అన్నాడు గోవిందరాజు. "సాయంత్రం మెజిస్ట్రేటు ముందర నిలబెడతాను. ఆ తరువాత నీ డిటెక్టివ్ వేషాలు జైలు గేటు కాడ వేసుకో."

పోలీసు జీపు షెడ్డులో ఉందట. నిందితుణ్ని ఆస్పత్రికి తీసుకుపోవడానికి పునీతే తన జీపు ఇస్తానన్నాడట. మేనమామ పోయిన దుఃఖంలో కూడా ఎంత సాయమో చూడు అని గోవిందరాజు మెచ్చుకున్నాడు. ముత్యాలప్ప తన స్కూటరు తీసి తోపు దారి పట్టాడు.

మోటారు కొట్టం తాళం పునీత్ తీశాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి, మాట మెత్తన. ఎడంచేత్తో తాళంచెవి తిప్పడానికి తంటాలు పడుతున్నాడు. కుడి మణికట్టు చుట్టూ మినప్పిండి, కోడిగుడ్డు సొన పట్టించిన నాటుకట్టు ఎండి పెళుసుగా ఉంది.

"ఏమైందప్పా చేతికి?"

"పాత డీజిలు ఇంజను హ్యాండిలు ఎదురు తన్నింది సార్. పోయిన వారం."

కొట్టం చిన్నది. మూడు పక్కల గోడ, నాలుగో పక్క తలుపు. పైన పెంకులు, పెంకుల కింద తాటి వాసాలు. మూలన మోటారు. శ్రీరామప్ప వంగి స్విచ్చు వేస్తుండగా వెనకనించి దెబ్బ పడింది. నేల మీద మరక చుట్టూ చీమలు మూగాయి. ముత్యాలప్ప దాన్ని దాటి, మోటారుకు రెండడుగుల వెనక నిలబడి, తల పైకెత్తాడు. అక్కడి వాసంలో ఒక చోట పీచు లేచి ఉంది. పాత కర్ర నల్లగా ఉంటే ఆ గాటు మాత్రం తెల్లగా, కొత్తగా ఉంది. మోటారు దిమ్మె ఎక్కి వేలితో తడిమితే తుప్పు అంటుకుంది.

"పోలీసులు తీసకపోయిన గడ్డపార మాదిరిది ఇంకోటి ఉండాదా?"

గుడిసె ముందు నిలబడి ఉన్న కదిరమ్మ లోపలికి పోయి ఒకటి తెచ్చింది. ఆడమనిషికి అది బరువే, కానీ ఆవిడ దాన్ని పుల్లలా పట్టుకొచ్చింది. ముత్యాలప్ప ముందు ఎడంచేత్తో మాత్రం ఎత్తి చూశాడు. నడుము దాటేసరికి మణికట్టు వంకరపోయి గడ్డపార మొన నేలకు వాలింది. రెండు చేతులతో పట్టుకుని నెత్తిమీదికి ఎత్తాడు. మొన సరిగ్గా వాసంలోని గాటుకు తగిలింది. ఆ అదురు మణికట్లలోకి దిగి మోచేతుల దాకా పాకింది. ఎవరు ఎత్తారో గాని, తల మీదికి రెండు చేతులూ పూర్తిగా చాచి ఎత్తారు. మొదటి ఊపులో పైకప్పు అడ్డం వచ్చింది, రెండో ఊపులో పని అయింది.

చెంబు ఎత్తలేనివాడు ఈ పని చెయ్యలేడు. కేసు ఇంతటితో అయిపోయినట్టే అనిపించింది. సంతోషం కలుగుతుందేమోనని కాస్త ఆగి చూసుకుని, కలగకపోయేసరికి గడ్డపార గోడకు ఆనించాడు.

తలుపుకు ఎదురుగానే పెద్ద మామిడి చెట్టు. బెంగళూరా రకం, కాయలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. కొమ్మ మీద కూర్చున్నవాళ్లకు కొట్టం తలుపు ఎదురుగా కనిపిస్తుంది.

"ఆ పొద్దు నువ్వు యాడుంటివమ్మా?" అని కదిరమ్మను అడిగాడు.

"గుడిసెలో."

"నీ మొగుడు మాను మీదనే ఉండెనా?"

కదిరమ్మ పునీత్‌ను చూడలేదు, ముత్యాలప్పనూ చూడలేదు. పైట మెడ చుట్టూ బిగించుకుంది. "ఆడోళ్లిద్దరు చూసినారు కదప్పా" అంది.

అది జవాబు కాదని ముత్యాలప్పకు తెలిసింది. పైట సర్దుకున్నప్పుడు మెడ పక్కన, చెవి కింద, ఉడికిన చర్మంలా నల్లటి మచ్చలు కనబడ్డాయి. మామిడి సొన పడి కాలిన మచ్చలు. చూశాడు, అంతే. వరమ్మ ఉండగా అయితే ఇంటికి వెళ్లి ఆవిడతో చెప్పుకుంటూ ఉంటే ఆ మచ్చల అర్థం అన్నం ముగియకముందే తట్టేది.

"ఆస్పత్రికి నేనూ వస్తానప్పా" అంది కదిరమ్మ. "ఆయప్పకు రవంత సంగటి తెస్తాను."

"రామ్మా, బస్సుకు రా" అన్నాడు పునీత్, ముత్యాలప్ప కంటే ముందే.

క్రిష్ణగిరి ప్రభుత్వాసుపత్రిలో ఎముకల డాక్టరు భువన సన్నగా, కళ్లజోడు వెనక నిద్ర చాలని కళ్లతో ఉంటుంది. గదిలో గోవిందరాజు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ముత్యాలప్ప గోడకు ఆనుకున్నాడు. పునీత్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బయట బెంచీ మీద కదిరమ్మ సంగటి గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"చొక్కా తీయప్పా. వెనక్కి తిరుగు" అంది భువన.

ఆవిడ ముందు చేయి వెయ్యలేదు. వెనక నిలబడి రెండు భుజాలనూ చాలాసేపు చూసింది. ఎడం రెక్క ఎముక పైన కండ నిండుగా ఉంది. కుడి పక్కన అదే చోట గుంట పడింది. టేపుతో రెండు దండచేతులూ కొలిచింది, కుడిది సన్నం. వీపు మీద కమిలిన చారలు కూడా చూసింది. "ఇవి మాత్రం నిన్నటివి" అంది. గోవిందరాజు గొంతు సవరించుకుని కిటికీలోంచి చూడసాగాడు.

"ఇప్పుడు నువ్వే చెయ్యి ఎత్తు. నొప్పి వచ్చిన చోట ఆపు."

రొమ్ము దాకా వచ్చి ఆగింది. భుజం మళ్లీ చెవి దగ్గరికి లేచింది.

"చూడమ్మా, ఆపుకున్నాడు" అన్నాడు గోవిందరాజు. "నేను కూడా అట్ల ఆపగలను."

"మీరు ఆపగలరు సార్. నేను ఎత్తితే ఆగుతుందా చూద్దాం."

ఆమె ఎడంచేత్తో ఏళుమలై రెక్క ఎముకను కదలకుండా అదిమి పట్టింది, కుడిచేత్తో అతని మోచేయి కింద పట్టి మెల్లగా లేపింది. సరిగ్గా అదే చోట ఆగింది. ఏళుమలై మూలిగాడు. మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి మళ్లీ చూసింది. ఊరేది, పిల్లలెందరు, సంగటిలోకి ఏం నంజుకుంటావని మాటల్లో పెట్టి, అతను జవాబు వెతుక్కుంటుండగా ఇంకోసారి లేపింది. అదే చోటు. మోచేతిని నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పబోతే, ఎడంది తలుపులా తెరుచుకుంది, కుడిది బెత్తెడు కూడా తిరగలేదు. చెయ్యి వెనక్కి పెట్టి మొలతాడు పట్టుకోమంటే తొడ దగ్గరే నిలిచిపోయింది.

"నటించేవాడు ఒక్కో మాటు ఒక్కో చోట ఆపుతాడు" అంది భువన చేతులు తుడుచుకుంటూ. "ఇది నిలబడినా, పడుకున్నా, మరిచిపోయి ఉన్నా ఒకటే చోట ఆగుతా ఉండాది. లోపల కీలు బిగుసుకుపోయింది. కండ ఇంత తగ్గాలంటే నెలల పని. పోయిన కాపు నుంచే ఉండాలి."

"ఏళుమలై, పోయిన కాపు నుంచేనా?" అన్నాడు ముత్యాలప్ప.

ఏళుమలై కళ్లు మూసుకున్నాడు. "నాకేమీ లేదు డాక్టరమ్మా. బాగానే ఉండాను. ఉండాను అని రాసీండి."

జబ్బు లేదని రాయమని బతిమాలిన ఖైదీని భువన ఇంతవరకు చూడలేదు. ఆమె కలం ఆపి ముత్యాలప్ప వైపు చూసింది. ముత్యాలప్ప వాసంలో గాటు సంగతి, తుప్పు సంగతి, రెండు చేతుల సంగతి వరసగా చెప్పాడు. చెప్తుండగా గోవిందరాజు మీసం కింద పెదవి కొరకడం మొదలుపెట్టాడు.

"సరే. మీ ఇద్దరి మాటా సరే" అన్నాడు చివరికి లేచి నిలబడి. "అయితే మాను మీద ఎవురుండె? దయ్యమా? ఇద్దరు మనుషులు చూసినారు. ఈ పునీతప్ప చూసినాడు. పోయిన కాపు నుంచి వీని చెయ్యి లేవకుంటే, రెండు కాపులు ఆ తోపులో కాయ కోసింది ఎవురు? చెప్పప్పా డిటెక్టివ్, జవాబు చెప్పు. చెప్పకుంటే వీణ్ని సాయంత్రం కోర్టుకు తీసకపోయేది తీసకపోయేదే."

న్యాయమైన ప్రశ్నే. గోవిందరాజు మొండివాడు గాని మూర్ఖుడు కాడు. ముత్యాలప్ప మంచం దగ్గరికి వచ్చి ఏళుమలై చేతులు రెండూ తిప్పి చూశాడు. ముంజేతులు, మెడ, ముఖం. కాపు నడిమధ్యన ఉంది. కాయ తెంపితే తొడిమ నుంచి సొన చిమ్ముతుంది, పడినచోట చర్మం ఉడికి నల్లబడుతుంది. తోపుల్లో పెరిగిన గోవిందరాజుకు వేరే చెప్పాల్సిన పని లేదు.

"చూడు. ఒక్క సొన మచ్చ లేదు" అన్నాడు ముత్యాలప్ప. "ఆ ఆడోళ్లు చొక్కా చూసినారు, తువాలు చూసినారు. ఆకుల్లో మొగం ఎవురికి కనపడుతుంది? ఆ గుడిసెలో ఉండేది ఇద్దరే. గుడిసె పోకూడదని మొగుని చొక్కా వేసుకొని, తలకు తువాలు చుట్టుకొని..."

"ఆడది మానెక్కేదా?" అన్నాడు గోవిందరాజు. నిజంగానే నమ్మలేకపోయాడు. ఆ చుట్టుపక్కల తోపుల్లో ఆడవాళ్లు బుట్టలు మోస్తారు, కాయలు ఏరుతారు, గడ్డి పరిచి మాగబెడతారు. చెట్టు మాత్రం ఎక్కరు. ఎక్కితే ఆ చెట్టు కాపు నిలబెట్టుకోదని తాతల నాటి నమ్మకం. తెలిస్తే శ్రీరామప్ప ఆ పూటే వెళ్లగొట్టేవాడు. పోలీసు బుర్రకు అది తట్టకపోవడంలో వింత లేదు.

"ఎక్కింది. సొన మచ్చలు కదిరమ్మ మెడ మీద ఉండాయి. పొద్దున చూసినాను. ఆ పొద్దు మాను మీద ఉండింది ఆయమ్మే."

లెక్క తేలిపోయింది. గోవిందరాజు కుర్చీలో కూలబడ్డాడు. భువన కలం మళ్లీ అందుకుంది. ముత్యాలప్ప అలవాటు ప్రకారం తన గెలుపు వైపు కూడా చూసుకోకుండా, కిటికీ బయట ఎండను చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడు ఏళుమలై మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎడంచేత్తో ముత్యాలప్ప చొక్కా పట్టుకున్నాడు.

"ఎంత పని చేస్తివి సామీ" అన్నాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. "నేను చేసినానని ఒప్పుకునింది నా పెండ్లాం కోసమే. నువ్వు వచ్చి అందరి ముందర చెప్పేస్తివే."

"ఏం చెప్పినానప్పా?"

"మాను మీద ఉండింది నేననే వాడు అనుకున్నాడు. నీలం చొక్కానే చూసినాడు. నేను జైలుకు పోతే నా మాట ఎవురూ నమ్మరని నా మీద పెట్టినాడు. పెట్టుకోనీలే అనుకున్నా. అది బతికుంటే చాలనుకున్నా."

"ఎవురు?" అన్నాడు గోవిందరాజు.

"ఆ పొద్దు పునీతప్ప మామ వెనకాలే వచ్చినాడంట. మాను మీద నుంచి ఇది చూసింది. మొదటి దెబ్బ పైన కప్పుకు తగిలి, పునీతప్ప చెయ్యి విదిలించుకున్నాడంట. మళ్లా ఎత్తి కొట్టినాడంట. ఇది భయపడి దూకింది. ఉరికొచ్చి గుడిసెలో పడి వణికింది. చొక్కా విప్పించి నేను వేసుకున్నా. ఎవురితోనూ చెప్పనని నా తల మీద ఒట్టు పెట్టించినా."

భువన లేచింది. "ఆ నాటుకట్టు" అంది. "లోపలికి వస్తానే నేను చూస్తానంటిని, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వేళ్ల మొదట్లో వాపు ఇంకా ఎర్రగానే ఉండాది. పోయిన వారందైతే పచ్చబడి ఉండాల."

ముగ్గురూ ఒకేసారి గుమ్మం వైపు తిరిగారు. గుమ్మంలో ఎవరూ లేరు.

ముత్యాలప్ప బయటికి వచ్చాడు. బెంచీ ఖాళీగా ఉంది. సంగటి గిన్నె నేల మీద, మూత ఊడిపోయి పక్కకు దొర్లి ఉంది. ఎదురుగా మల్లెపూలు మూరవేస్తున్న మారక్క అనే ముసలామె చెయ్యి ఆపి అతణ్ని ఎగాదిగా చూసింది.

"ఈడ కూర్చొని ఉండె ఆయమ్మ యాడమ్మా?"

"జీపులో పోయెనప్పా. చేతికి కట్టు కట్టుకున్న పిల్లోడు వచ్చి, మొగుణ్ని వదిలిపెట్టినారు, గుడిసెకాడ దించుతా రా అన్నె. ఆయమ్మ రానంటా ఈ బెంచీ పట్టుకొనె. వాడు నవ్వుతానే చెయ్యి పట్టుకొని లేపె. బంధువులేమో అనుకుంటి."

"ఎంతసేపాయె?"

"ఇప్పుడే కదప్పా. నువ్వు లోపల మాట్లాడతా ఉండంగానే."

తను లోపల మాట్లాడుతుండగానే. ముత్యాలప్పకు అప్పుడు అర్థమైంది. కదిరమ్మ తన తలుపు దగ్గర నిలబడి, చెయ్యి సంగతి ఎత్తొద్దని రెండుసార్లు చెప్పింది. గుడిసె కోసం కాదు, ప్రాణం కోసం చెప్పింది. ఆమెను చంపాల్సినవాడు గుమ్మంలో నిలబడి వింటుంటే, ఆమె పేరు, ఆమె మెడ మీది మచ్చలు, అన్నీ తనే విడమరిచి అందించాడు. మాఘమాసం నుంచి ఎక్కడా కనబడని భయం ఒక్కసారిగా తిరిగి వచ్చింది.

"ఏమప్పా, పోలీసు జీపు షెడ్డులో ఉండాదే" అన్నాడు వెనకనే పరుగెత్తుకొచ్చిన గోవిందరాజు. ముఖం పాలిపోయింది. నిందితుణ్ని ఎక్కించుకొచ్చిన జీపులోనే సాక్షి పోయింది. ఆ జీపు తెప్పించుకున్నది తనే. "వైర్‌లెస్సులో చెప్పి చెక్‌పోస్టు కాడ ఆపేలోపల వాడు తోపు దారి పట్టేస్తాడు."

గదిలోంచి ఏళుమలై భార్యను పేరు పెట్టి పిలుస్తున్నాడు. కానిస్టేబులు అతణ్ని పట్టుకుని ఆపుతున్నాడు. ముత్యాలప్ప స్కూటరు దగ్గరికి పోయి తాళంచెవి తీశాడు. తొందరలో చెవి రంధ్రంలోకి దిగలేదు. రెండోసారి కూడా దిగలేదు.

గోవిందరాజు టోపీ తీసి చంకలో పెట్టుకుని, నడుముకున్న తుపాకీ తడిమి చూసుకుని, ఆ పాత స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నాడు. ముందుకు వంగి ముత్యాలప్ప చేతిలోని తాళంచెవి తీసుకుని, తనే పెట్టి తిప్పాడు.

"పోనీయప్పా" అన్నాడు. "ఆయమ్మ గట్టి మనిషి. దారిలో పోరాడతా ఉంటుంది."